క్రూజ్‌కి వెళ్దామా? బ్రోషర్ ఆఖర్న చూద్దాం!

క్యారీలో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే కబుర్లు ఏ వరసలో నడుస్తాయో మనకందరికీ తెలిసిందే. ముందు ఇళ్ళ ధరలు, తర్వాత పిల్లల స్కూలు ట్రాకులు, ఆపైన ఎవరి గ్రీన్‌కార్డు ఏ మెట్టు మీద ఆగిపోయింది. గత కొన్నేళ్ళుగా ఈ వరసలో నాలుగోది చేరింది. అదే క్రూజ్! వేంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం లైన్లో నిలబడ్డా, పిల్లల్ని కూచిపూడి క్లాసు దగ్గర దింపి కార్లో కూర్చున్నా, "మేం బహామాస్ వెళ్ళొచ్చాం, మీరింకా వెళ్ళలేదా?" అన్న ప్రశ్న తప్పడం లేదు.

ఈ ఏడాది మా ఇంట్లోనూ ఆ ప్రశ్న గట్టిగానే లేచింది. కారణాలు రెండు. మా అమ్మాయి జూన్‌లో హైస్కూలు పూర్తి చేసి ఆగస్టులో బోస్టన్‌కి కాలేజీకి వెళ్ళిపోతోంది. కాకినాడ నుంచి వచ్చిన అమ్మా నాన్నగారూ జూలైలో తిరుగు ప్రయాణం కట్టాలి. నాన్నగారికి 76 ఏళ్ళు, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. "మళ్ళీ ఇంత దూరం రాలేనురా" అని ఆయన అననే అన్నారు. ఇక మా అబ్బాయి చదివేది ఇయర్ రౌండ్ స్కూలు, అమ్మాయిది ట్రెడిషనల్ కేలండర్. వేక్ కౌంటీలో ఉండేవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇద్దరి సెలవులూ, అమ్మానాన్నల టికెట్లూ కలిపి చూస్తే మూడు తరాలూ ఒకచోట ఉండేది జూన్ చివర్లో రెండే రెండు వారాలు.

"ఒక్కసారి వెళ్తాం కాబట్టి మంచిదానికే వెళ్దాం, లగ్జరీ క్రూజ్ చూడండి" అంది మా ఆవిడ. పైగా మా సందు చివర ఉండే మిత్రుడి కుటుంబం కూడా వస్తామన్నారు. పదేళ్ళుగా పండగలన్నీ కలిసి చేసుకునేవాళ్ళం, పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు పెరిగినవాళ్ళు. అతను నన్ను "అన్నా" అంటాడు, వాళ్ళావిడ మా ఆవిడని "వదినా" అంటుంది. సరే, అంతా కలిపి తొమ్మిది మందిమి.

ఉద్యోగరీత్యా నా పని కంపెనీలకి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పడం. ఇరవై ఏళ్ళలో నేను నేర్చుకున్నది ఒకటే. అమ్మేవాడి బ్రోషర్ అన్నిటికన్నా ఆఖర్న చదవాలి. ముందు మనకేం కావాలో, అంతకన్నా ముందు మనకేది కుదరదో రాసుకోవాలి. క్రూజ్‌కీ అదే పద్ధతి పెట్టాను. ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. (మా ఆవిడ నవ్వింది. మీరూ నవ్వండి, ఫరవాలేదు.)

లగ్జరీ అంటే ఎంత చోటు?

ఈ లగ్జరీ అన్న మాట ప్రతి ఓడ కంపెనీ వాడుకుంటుంది, అట్లాంటిక్ సిటీ బస్సు టూర్ వాళ్ళూ వాడుకుంటారు. అందుకని దాన్ని అంకెల్లోకి దించాలి. ఓడల ప్రపంచంలో గ్రాస్ టన్నేజ్ అనే లెక్క ఉంది. చాలామంది అది బరువనుకుంటారు. కాదు, ఓడ లోపల ఉన్న మొత్తం చోటుకి అది కొలత. దాన్ని గదికి ఇద్దరు చొప్పున లెక్కేసిన ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో మనిషికి ఎంత చోటు వస్తుందో తెలుస్తుంది.

రాయల్ కరీబియన్ వారి ఐకాన్ ఆఫ్ ది సీస్ తీసుకోండి. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైంది. 248,663 గ్రాస్ టన్నులు, గదికిద్దరు చొప్పున 5,610 మంది. భాగిస్తే 44. రీజెంట్ కంపెనీ వారి సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ 55 వేల టన్నులే, కానీ ఎక్కేది 750 మంది. భాగిస్తే 74 దాకా వస్తుంది. ఇక పనివాళ్ళ సంగతి. ఐకాన్ మీద 2,350 మంది సిబ్బంది, అంటే దాదాపు రెండున్నర మంది ప్రయాణికులకి ఒకరు. ఎక్స్‌ప్లోరర్ మీద 550 మంది, ఇంచుమించు నలుగురు ప్రయాణికులకి ముగ్గురు. నిజమైన లగ్జరీకి నాకు దొరికిన నిర్వచనం ఇదే. లైన్లో నిలబడక్కర్లేదు, కుర్చీ కోసం తువ్వాలు వేసి కాపలా కాయక్కర్లేదు, రెండో రోజుకల్లా మీ పేరూ మీరు తాగే కాఫీలో చక్కెర ఎంతో వాళ్ళకి తెలుస్తుంది. షాండ్లియర్లూ పాలరాళ్ళూ దీని తర్వాతే.

రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్, ఎక్స్‌ప్లోరా, ఇవన్నీ ఈ కోవలోవి. ధర? రోజుకి మనిషికి ఆరేడు వందల డాలర్ల దగ్గర మొదలై పైకి పోతుంది. మామూలు పెద్ద ఓడల మీద ఇందులో మూడో వంతుకీ నాలుగో వంతుకీ గది దొరుకుతుంది. "అక్కడ అన్నీ కలిపేకదండీ, మామూలు ఓడలో టిప్పులు, వైఫై, టూర్లు అన్నీ విడిగా లాగుతారు" అని ట్రావెల్ ఏజెంటు చెప్పింది. నిజమే. మామూలు ఓడ మీద టిప్పులే మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటాయి, ఆరుగురు ఏడు రోజులకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

కానీ ఆ "అన్నీ" ఏమిటో చూడాలి కదా! షాంపేన్, మంచి వైన్లు, గదిలోకే విస్కీ, కేవియర్, లాబ్‌స్టర్. మా ఇంట్లో అమ్మ వెల్లుల్లి కూడా ఆలోచించి వేస్తుంది. నాన్నగారు ఫిల్టర్ కాఫీ దాటలేదు. పిల్లలిద్దరికీ తాగే వయసు లేదు. నేను ఏడాదికి రెండు బీర్లు. అంటే ఆరుగురిలో అయిదుగురం పక్క టేబుల్ వాళ్ళ వైన్‌కి చందా వేసినట్టే! రీజెంట్‌లాగా ఊళ్ళు చూపించే టూర్లు కూడా టికెట్లోనే కలిపేస్తే కొంత గిట్టుబాటు అవుతుంది. తాగని, మాంసం తినని కుటుంబానికి మాత్రం ఆల్ ఇన్‌క్లూజివ్ అన్న మాట చూసి డబ్బు కట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమని నా సలహా.

ఇంకోటి పిల్లల మాట. వైకింగ్ ఓడల మీదకి 18 ఏళ్ళ లోపు వాళ్ళని అసలు రానివ్వరు. వర్జిన్ వాయేజెస్ కూడా అంతే. మిగతా చిన్న లగ్జరీ ఓడలు రానిస్తాయి గానీ పిల్లలకంటూ క్లబ్బు అన్నిటిలో ఉండదు. రీజెంట్ వాళ్ళు కొన్ని ప్రయాణాల్లోనే ఏర్పాటు చేస్తారు. ఫోటోలు చూసి మా అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది. "నాన్నా, ఇందులో తాతగారే అందరికన్నా చిన్నవాడిలా ఉన్నారు."

మధ్యే మార్గం ఒకటుంది, మూడు తరాల కుటుంబాలు తప్పక చూడాల్సింది. పెద్ద ఓడలోనే పైన ఒక చిన్న ఓడ అన్నమాట. నార్వీజియన్ వారి హేవెన్, ఎమ్మెస్సీ వారి యాట్ క్లబ్, సెలెబ్రిటీ వారి రిట్రీట్ ఇలాంటివి. ఆ సూట్ల వాళ్ళకి విడిగా కూర్చునే చోటు, విడిగా భోజనశాల, పిలిస్తే పలికే మనిషి ఉంటారు. పిల్లలు మాత్రం కిందకి దిగి వాటర్ స్లైడ్ల దగ్గర రోజంతా ఉండొచ్చు. తాతగారికి నిశ్శబ్దం, మనవడికి గోల! డబ్బుకి ఇంతకన్నా మంచి బేరం నాకు కనబడలేదు.

పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టండి

ఇంతవరకు బాగానే ఉంది. ఆ ఆదివారం సాయంత్రం తొమ్మిది మంది పాస్‌పోర్టులూ మా డైనింగ్ టేబుల్ మీద పెట్టించాను. అప్పుడు తెలిసింది అసలు కథ.

మేం నలుగురం అమెరికన్ సిటిజన్లం. అమ్మా నాన్నగారూ ఇండియన్ పాస్‌పోర్టు, బి-2 వీసా. మిత్రుడు హెచ్-1బి, భార్య హెచ్-4, బాబు ఇక్కడే పుట్టాడు. హెచ్-1బి పొడిగింపు కాగితాలు పక్కాగా ఉన్నాయి. కానీ పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు తీరి ఏడాది దాటింది. మన వాళ్ళలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. ఇండియా వెళ్ళి స్టాంపింగ్ వేయించుకుని రావడానికి అపాయింట్‌మెంటు దొరకాలి, సెలవు దొరకాలి, గుండె ధైర్యమూ దొరకాలి.

అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగే ప్రయాణాన్ని క్లోజ్‌డ్ లూప్ అంటారు. వీటికి అమెరికన్ సిటిజన్లు బర్త్ సర్టిఫికెట్, ఫోటో ఐడీతో కూడా వెళ్ళొచ్చు. (అయినా పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. పరాయి ఊళ్ళో ఓడ తప్పిపోతే విమానం ఎక్కాలంటే అది కావాలి.) ఆ సౌకర్యం సిటిజన్లకి. మిగతావాళ్ళు మయామీలో ఎక్కి బహామాస్‌లో రెండు గంటలు ఇసుకలో కూర్చుని వచ్చినా దేశం వదిలి మళ్ళీ వచ్చినట్టే. బి-2 మీదున్న పెద్దవాళ్ళకి మల్టిపుల్ ఎంట్రీ వీసా గడువులో ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు ఇంకో ఆరు నెలలు కొత్తగా ఇస్తారని మాత్రం లెక్కేసుకోవద్దు.

స్టాంపింగ్ గడువు తీరిన వాళ్ళకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒక రూలుంది. ఐ-94 గడువులో ఉంటే, 30 రోజులు మించకుండా కెనడాకో మెక్సికోకో వెళ్ళి పాత స్టాంపుతోనే తిరిగి రావచ్చు. ఎఫ్-1, జె-1 మీదున్న వాళ్ళకి ఈ రూలు క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకి కూడా వర్తిస్తుంది. హెచ్-1బి వాళ్ళకి ఆ దీవులు లేవు. అంటే యూనివర్సిటీలో చదివే కుర్రాడు బహామాస్ వెళ్ళి రావచ్చు, ఆ కుర్రాడికి ఉద్యోగమిచ్చే స్థాయిలో ఉన్న మేనేజరు వెళ్తే ఇంటికి తిరిగి రాలేడు! కరీబియన్ ఓడలన్నీ ఆ ఒక్క వాక్యంతో మా షీట్లోంచి ఎగిరిపోయాయి. లగ్జరీవీ, కానివీ.

"అయితే అలాస్కా" అన్నాను. సియాటెల్ నుంచి ఎక్కితే అమెరికాలోనే తిరిగి అమెరికాలోనే దిగుతాం కదా అని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. 1886లో చేసిన పాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అనే చట్టం ఒకటుంది. పరాయి దేశపు జెండా ఉన్న ఓడ అమెరికన్ రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పాలంటే దారిలో ఒక విదేశీ రేవు తగలాలి. మనం చూసే పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, మాల్టా లాంటి పరాయి దేశాల జెండాలవే. అందుకే సియాటెల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడ కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతుంది, చాలాసార్లు రాత్రిపూట. అది మన షికారు కోసం కాదు, చట్టం కోసం. కోవిడ్ రోజుల్లో కెనడా రేవులు మూసేస్తే అలాస్కా సీజనే ఆగిపోయింది. 2021 మే నెలలో కాంగ్రెస్ తాత్కాలికంగా ప్రత్యేక చట్టం చేస్తేగానీ ఓడలు కదల్లేదు.

ఆ విక్టోరియా కోసం మా అమ్మానాన్నలకీ, మిత్రుడికీ, భార్యకీ కెనడా వీసాలు కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ కార్డూ చాలు. వేలిముద్రలు అమెరికాలోనే ఇవ్వొచ్చు, అసాధ్యమేమీ కాదు. కానీ మా చేతిలో ఉన్న సమయం తక్కువ. రీవాలిడేషన్ రూలు కాగితం మీద అనుకూలంగా ఉన్నా మిత్రుడి లాయరు "వెళ్ళొచ్చు, కానీ తప్పనిసరైతేనే వెళ్ళండి" అన్నాడట.

ఆ రాత్రి అతనే ఫోన్ చేశాడు. "అన్నా, మా కోసం ఆగకండి. మీరు అలాస్కా వెళ్ళిరండి. అమ్మగారూ నాన్నగారూ మళ్ళీ వస్తారో లేదో." అతను మామూలుగానే అన్నాడు. మా అమ్మాయి మాత్రం విని, "బాబాయి వాళ్ళు రాకపోతే నేనూ రాను" అని గదిలోకి వెళ్ళిపోయింది. అతని కొడుకుని చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగింది అదే మరి.

నాన్నగారి మోకాలు, తాతగారి రంగూను

పాస్‌పోర్టుల తర్వాత నా షీట్లో రెండో వరస నాన్నగారి మోకాలు. ఇక్కడ లగ్జరీ లెక్క తలకిందులవుతుంది. ఖరీదైన సూట్లు పై అంతస్తుల్లో, చాలా ఓడల్లో ముందు కొసనో వెనక కొసనో ఉంటాయి. ఓడ ఊగేది కూడా అక్కడే ఎక్కువ. తూగుడుబల్ల గుర్తు తెచ్చుకోండి, మధ్యలో కూర్చున్నవాడికి కుదుపు తక్కువ. కాబట్టి పెద్దవాళ్ళకి మధ్యలో, కింది అంతస్తుల్లో, లిఫ్టుకి దగ్గరగా గది తీసుకోవాలి. అది చవక కూడా! రేవులో ఓడ గట్టుకి ఆనుకుంటుందా, నడిసముద్రంలో ఆగి చిన్న పడవల్లోకి దించుతారా అన్నది ప్రతి ఊరికీ కనుక్కోండి. ఆ చిన్న పడవలోకి అడుగు వేయడం అలలున్న రోజు మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి కష్టం.

ఇది చెబుతుంటే నాన్నగారు "మా నాన్న ఎప్పుడూ డెక్కు టికెట్టే కొనేవాడురా" అన్నారు. ఆయన తండ్రి కాకినాడ నుంచి రంగూను వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశాడట. ఆ రోజుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు మన తీరం నుంచి బర్మాకి వేలమందిని మోసుకుపోయేవి. డెక్కు ప్రయాణికుడంటే గది లేదు, మంచం లేదు. పై అంతస్తులో చాప, తలకింద మూట, ఎండా వానా అన్నీ నెత్తిమీదే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో మనవాళ్ళని కోరంగీలనేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చాక చాలామంది నడిచి వెనక్కి వచ్చారు. అంతకన్నా వెనక్కి వెళ్తే 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో అనే ఓడలో కూలీ ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. సముద్రం మనకి కొత్త కాదు, సరదాగా దాటడమే కొత్త.

ఇప్పుడు అటువైపు కూడా క్రూజులు మొదలయ్యాయి. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా కోర్డీలియా వారి ఎంప్రెస్ ఓడ నడిచింది. తమాషా ఏమిటంటే ఆ ఎంప్రెస్ ఒకప్పుడు రాయల్ కరీబియన్ వారి ఎంప్రెస్ ఆఫ్ ది సీస్. మన ఫ్లోరిడా నుంచి బహామాస్ వెళ్ళిన ఓడే బంగాళాఖాతంలో మన చుట్టాల్ని తిప్పింది!

అమ్మ కంచం

వెజిటేరియన్ అని ఫారంలో టిక్కు పెడితే సరిపోతుందనుకోకండి. ఇక్కడి వెజిటేరియన్‌లో గుడ్డు ఉంటుంది. సూప్‌లో చికెన్ నీళ్ళు ఉండొచ్చు, పుడ్డింగ్‌లో జెలటిన్ ఉండొచ్చు. గుడ్డు లేకుండా, మాంసం చారు లేకుండా అని విడమరిచి రాయించాలి. పెద్ద ఓడలు చాలావాటిలో గోవా, ముంబై, మంగుళూరు వైపు వంటవాళ్ళూ సర్వర్లూ ఉంటారు. ముందురోజు రాత్రి హెడ్ వెయిటర్‌కి చెబితే మర్నాటికి పప్పూ, కూరా, రొట్టే వస్తాయి. ఈ విషయంలో చిన్న లగ్జరీ ఓడలకి మంచి పేరుంది, మీ ఒక్కరి కోసం వండడం వాళ్ళకి తేలిక. అదీ డబ్బుకి వచ్చే చోటే.

రైస్ కుక్కర్ మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. వేడెక్కే సామాను, కెటిల్, ఇస్త్రీ పెట్టెతో సహా, నిప్పు భయంతో ఓడ ఎక్కేటప్పుడే తీసుకుని దిగేటప్పుడు తిరిగిస్తారు. ఇంట్లో వండిన పులిహోరకీ అనుమతి ఉండదు. సీలు తీయని ప్యాకెట్లని సాధారణంగా రానిస్తారు.

శుభ్రత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా రేవులకి వచ్చే ఓడల్ని సీడీసీ వారు ముందు చెప్పకుండా తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. 86 వస్తే పాసు. అది విని మా అమ్మ "86 ఒక మార్కేనా?" అంది. మా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు గుర్తొచ్చాయి!

పెద్దవాళ్ళ ఇన్సూరెన్స్ మాట ఒక్కటి. ఓడ మీద డాక్టరు ఉంటాడు గానీ బిల్లు మన క్రెడిట్ కార్డు మీదే పడుతుంది. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీ అమెరికా బయట, ఓడ మీద పనిచేస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. పాత జబ్బులకి మినహాయింపు లేని ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలంటే మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి. నాన్నగారి గుండె మందుల చీటీ నా పర్సులో ఒకటి, మా ఆవిడ ఫోన్లో ఒకటి ఉన్నాయి.

షీట్లో ఆఖరిది

మళ్ళీ ఓడ దగ్గరికి వస్తాను. అలాస్కా ఫైలు మూసేముందు ఆ 1886 చట్టాన్ని ఇంకోసారి చదివాను. పరాయి జెండా ఓడకే కదా ఈ బాధ! మరి అమెరికన్ జెండా ఓడ ఉంటే? అమెరికన్ క్రూజ్ లైన్స్ వారి చిన్న ఓడలున్నాయి, రెండొందల లోపు ప్రయాణికులతో మిసిసిపీ, కొలంబియా నదుల్లోనూ తీరం వెంబడీ తిరుగుతాయి. ధర లగ్జరీ ఓడల ధరే. పిల్లలకి చేసేదేమీ ఉండదు. ఇక పెద్ద ఓడల్లో మిగిలింది ఒకే ఒక్కటి, నార్వీజియన్ వారి ప్రైడ్ ఆఫ్ అమెరికా. 2005 నుంచి హవాయిలో తిరుగుతోంది. శనివారం హోనొలులులో ఎక్కితే మౌయి, హిలో, కోనా, కవాయి చూపించి మళ్ళీ శనివారానికి హోనొలులులో దింపుతుంది. ఒక్క విదేశీ రేవు లేదు. ఎవరి పాస్‌పోర్టులో ఏ స్టాంపూ అవసరం లేదు!

నా షీట్లో దీని స్థానం చెప్పమంటారా? 80,439 టన్నులు, 2,186 మంది, భాగిస్తే 37. అన్నిటికన్నా ఆఖరిది. ఐకాన్ కన్నా ఇరుకు. హేవెన్ లాంటి వైభవాలకి కొత్త ఓడలు చూసుకోవాలి. సిబ్బందిలో ఎక్కువమంది అమెరికన్లు, కాబట్టి అమ్మకి పప్పు చేసిపెట్టే మంగుళూరు వంటాయన దొరుకుతాడన్న భరోసా లేదు. కేసినో కూడా లేదు, హవాయిలో జూదం నిషేధం (అది నాకు లోటు కాదు). విమానం బాధ ఎలాగూ ఉంది. రాలీ-డర్హమ్ నుంచి నేరుగా లేదు, మధ్యలో ఎక్కడో మారాలి.

ఇంకోపక్క చూస్తే మౌయిలోనూ కవాయిలోనూ ఓడ రాత్రి కూడా రేవులోనే ఉంటుంది. నాన్నగారు తీరిగ్గా దిగి తీరిగ్గా ఎక్కొచ్చు. చిన్న పడవల్లో దించేది కోనాలో ఒక్కచోటే. ఆ రోజు ఆయన బాల్కనీలో కూర్చుంటానన్నారు. ఫ్రీమాంట్‌లో మా చెల్లెలింట్లో రెండు రాత్రులు ఆగి వెళ్తే విమానం అలసటా తీరుతుంది, కూతుర్ని చూసినట్టూ ఉంటుంది.

మిత్రుడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "లగ్జరీ అన్నారు కదా అన్నా, మా వల్ల మీకు తగ్గిపోయింది" అన్నాడు. వెనకనుంచి వాళ్ళ బాబు అరుపులు వినిపిస్తున్నాయి, మా అమ్మాయి అప్పటికే వాడికి మెసేజ్ పెట్టేసింది. లగ్జరీ ఓడ వదిలేయగా మిగిలిన డబ్బుతో అమ్మానాన్నలకి మధ్య అంతస్తులో బాల్కనీ గదీ, దాని పక్కనే మాకొకటీ, పిల్లలకొకటీ తీసుకున్నాం. ఇంకా మిగిలింది. దాంతో కవాయిలో అందరం కలిసి తిరగడానికి డ్రైవరుతో సహా వ్యాను.

పిల్లలూ, ఇది మీకు

ఈ పత్రిక మీ చేతికొస్తే ఇంతవరకు చదివి ఉండరని నాకు తెలుసు. ఇక్కణ్ణించి చదవండి చాలు. ఐకాన్ ఆఫ్ ది సీస్ లోపలి చోటు టైటానిక్‌కి అయిదు రెట్ల పైన ఉంటుంది. ఓడలో కుడి ఎడమలు అనరు. ముందువైపు చూస్తూ నిలబడితే ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్. ఎక్కిన రోజే మస్టర్ డ్రిల్ ఉంటుంది, ఎగ్గొట్టకూడదు. ఏడు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వినిపిస్తే ఆట ఆపి మీ మస్టర్ స్టేషన్‌కి వెళ్ళాలి. టైటానిక్ మునిగాక 1914లో పలు దేశాలు కూర్చుని సముద్ర భద్రత మీద ఒప్పందం రాసుకున్నాయి, మీ గది తలుపు వెనక కనిపించే ఆ కాగితం దాని మనవడే. ఇంకోమాట. ఓడ ఎవరి కోసమూ ఆగదు. మీ అమ్మానాన్నలు ఇండియన్ టైం మనుషులైతే రేవులో వాళ్ళని లాక్కొచ్చే బాధ్యత మీదే!

ప్రయాణం ఇంకా ఆరు వారాలుంది. అమ్మ అప్పుడే కందిపొడి, నువ్వులపొడి మొదలుపెట్టింది. సీలు ఉంటేనే రానిస్తారని చెబితే, ప్యాకెట్లు సీలు వేసే చిన్న మిషను కొనుక్కురమ్మని నాన్నగారిని నాతో పంపింది. అది ఇంట్లో వేసిన సీలు, కంపెనీ సీలు కాదు అని ఎంత చెప్పినా వినలేదు. అందుకని నేను ఇండియన్ స్టోర్లో కొన్న పొడుల ప్యాకెట్లు కూడా అడుగున సర్దాను. మా పెరట్లో కుండీలో పెంచిన కరివేపాకు ఒక గుప్పెడు కూడా కట్టింది. హవాయిలో దిగేవాళ్ళు మొక్కలూ ఆకులూ పళ్ళూ తెస్తే అక్కడి వ్యవసాయ శాఖకి చెప్పి తీరాలి. కరివేపాకుది నారింజ, నిమ్మ కుటుంబమే, దానికి పట్టే పురుగు నారింజ తోటల్ని పాడుచేస్తుంది. నిన్న ఆ సంగతి చెబితే అమ్మ ఆకు తీసి ఎండలో పెట్టింది. "పొడి చేస్తే ఆకు కాదుగా!" అంది.